రెండు గొడుగుల మోహన్‌కృష్ణన్న

మార్కాపురంలో మా పెళ్ళిసంబంధాల ఆఫీసు కంప్యూటర్‌లోని ఆడపిల్లల వివరాలన్నీ పోయాయని, మోహన్‌కృష్ణన్న నిద్రమత్తులో ఏదో మీట నొక్కాడని గిద్దలూరు దాకా చెప్పుకుంటున్నారు. నాకు నవ్వొస్తుంది. దేనికైనా ఇంకొకటి దాచిపెట్టుకోకపోతే ఆయనకసలు నిద్రే పట్టదు.

ఆ ఆఫీసులో నేను ఫోన్లు ఎత్తేదాన్ని, ఆయన కంప్యూటర్ చూసేవాడు. మబ్బే పట్టని ఊళ్ళో రెండు గొడుగులు తెచ్చేవాడు. తన పెళ్ళికి ఇద్దరు పురోహితుల్ని పిలిచాడట. వాళ్ళు ముహూర్తం మీద వాదులాడుకుంటుంటే, పెళ్ళికూతురు ప్రసన్నలక్ష్మి వదిన తలెత్తి, "ఏంది, పెళ్ళికొడుకు కూడా ఇంకొకడు ఉన్నాడా?" అని అడిగిందట.

ఆఫీసు వివరాలకూ అంతే. ఇంటర్నెట్‌లో ఒక కాపీ, దేవుడి పటం వెనక ఒక పెన్‌డ్రైవ్, వాళ్ళింటి బియ్యం డ్రమ్ములో ఇంకొకటి, మా టీపొడి డబ్బాలో మరొకటి.

"అన్నా, టీలో పెన్‌డ్రైవ్ వచ్చింది," అన్నాను ఒకసారి.

"వడగట్టి ఎండలో పెట్టమ్మా. పనిచేస్తది."

ఒకరోజు పెద్దారవీడు నుంచి సుమ వచ్చింది. మేం కుదిర్చిన సంబంధమే, పెళ్ళై ఏడాది దాటింది.

"నా ఫొటో తీసేస్తామన్నారు గదన్నా. ఇంకా నన్ను చూస్తామని ఫోన్లు చేస్తనే ఉన్నారు. నిన్న మా అత్త ఎత్తింది."

"తీసేసినానమ్మా. మొన్న కంప్యూటర్ చెడిపోతే దాచిన పాత బ్యాకప్ మళ్ళీ ఎక్కించినా. దాంతోపాటు నువ్వూ వచ్చినట్టున్నావు."

"బ్యాకప్ అంటే ఏందో మా అత్తకు నువ్వే వచ్చి చెప్పు."

ఆయన నిజంగానే వెళ్ళి చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా యజమాని సరస్వతమ్మగారు ఆఫీసు మూసేస్తూ, కంప్యూటర్‌ను వివరాలతో సహా దర్శి వ్యాపారి ఒకాయనకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

"ముక్కూమొహం తెలియని మనిషికి ఆడపిల్లల ఫొటోలా, పెద్దమ్మా? ఫోన్ నంబర్లతోనా?"

"మూసే దుకాణంలో సామాను ఎవరికిస్తే ఏంది, నాయనా?"

"సామాను కాదు పెద్దమ్మా. సుమ ఉంది అందులో."

అప్పగించే రోజు మధ్యాహ్నం ఆవిడ, "ఇంటికి పోయి తినొస్తా. మీ పని మీరు చూసుకోండి," అన్నారు. రోజూ ఆఫీసులోనే తినే మనిషి.

ఆయన కూర్చుని చిన్న ప్రోగ్రామ్ రాశాడు. అసలు వివరాలనూ వాటి కాపీలనూ కలిపి చెరిపేసే ప్రోగ్రామ్. నేను డబ్బాలోది, పటం వెనకది తెచ్చిచ్చాను. డ్రమ్ములోది వదిన తెచ్చింది, నాలుగు బియ్యపు గింజలతో సహా. దాచినవాడే చోట్లన్నీ చెప్పాడు కాబట్టి ఒక్క కాపీ మిగలలేదు.

"అన్నా, ఒక్కటన్నా ఉంచుకోవా?"

"వద్దులేమ్మా."

ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

ఖాళీ కంప్యూటర్ చూసి దర్శి వ్యాపారి మొదలుపెట్టిందే ఆ నిద్రమత్తు కథ. ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. అంతకు ముందు వారమంతా మోహన్‌కృష్ణన్న నాచేత ఆ ఆడపిల్లలందరికీ ఫోన్ చేయించి, ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని అడిగించాడు. ఒక్కరు కూడా ఉంచమనలేదు.