నెత్తిమీద మోసిన మందు

వైద్యం చదివి పట్టా తీసుకున్నవాళ్లకు మాట్లాడటం నేర్పడం నా ఉద్యోగం. నైజాం జమానా చివరి ఏండ్లలో, ఆరోగ్యశాఖలో పెద్ద పనులకు పోదలచిన డాక్టర్లు మరో ఏడాది పై చదువు చదివేవారు. నీళ్ల పరీక్ష ఒకరు చెప్పేవారు, జబ్బులు వ్యాపించే తీరు మరొకరు. ఊళ్లో జనాన్ని కూర్చోబెట్టి ఆరోగ్యం సంగతులు వాళ్ల మనసుకు ఎక్కేటట్టు ఎట్లా చెప్పాలో నేను చెప్పేవాణ్ణి. తోటి ఉపాధ్యాయులు దాన్ని చదువుగా లెక్కపెట్టలేదు. వాళ్లలో వాళ్లు దానికి "వాగుడు క్లాసు" అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినట్టు ఎన్నడూ కనబడనియ్యలేదు.

మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. వనపర్తికి ఇవతల మాకొక గడి, కోటలాంటి దొరల ఇల్లు, ఉండేది. నేను పుట్టేనాటికి దాని గోడలే మావి. భూములు వ్యాజ్యాల్లో పోయాయి. మా వంశంలో నెల జీతానికి పనిచేసిన మొదటివాణ్ణి నేను. అందుకు సిగ్గుపడలేదు. కాని ఆ తాలూకా ఊళ్లలో తిరిగేటప్పుడు తల కాస్త ఎక్కువే ఎత్తి నడిచేవాణ్ణి. అక్కడ నన్ను చూసి జాలిపడటానికి సిద్ధంగా ఉన్నవాళ్లు చాలామంది. ఆ అవకాశం ఇవ్వకూడదని పట్వారీల ఇండ్లలో మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఆ ఎండాకాలం నాగర్‌కర్నూల్ దిక్కు గత్తర లేచింది. కలరాను మా పక్క గత్తర అంటారు. ముగ్గురు విద్యార్థులను వెంటబెట్టుకుని బిజినేపల్లిలో దిగి, అక్కడినుంచి ఊరూరికీ నడవడం మొదలుపెట్టాను. వాళ్లలో గద్వాల కుర్రవాడొకడు ఉండేవాడు. మంచి కంఠం, చురుకైన బుర్ర, నోటికి అడ్డు లేదు. ముగ్గురిలో నేను ఆశ పెట్టుకున్నది అతని మీదే.

నేను వాళ్లకు నేర్పిన మొదటి సంగతి ఒకటే. ముందు అడగండి. అడిగి ఆగండి. జవాబు వచ్చేదాకా నోరు మెదపకండి. వినడానికి సులువుగా ఉంటుంది గాని, జనం ముందు నిలబడి మౌనంగా ఉండటం డాక్టరుకు చేతకాదు. అందులోనూ గత్తర రోజుల్లో ఎవరూ జవాబు చెప్పేవారు కాదు. జబ్బు ఉందని తెలిస్తే సర్కారు మనుషులు వచ్చి ఇంట్లో గుడ్డలన్నీ కాలుస్తారని భయం. పోయిన మూడు ఊళ్లలోనూ మా ప్రశ్నకు తలలు వంగాయే తప్ప ఒక్క నోరూ తెరుచుకోలేదు.

ఆ రోజు పొద్దున మేము దిగిన ఊళ్లో బావిలో నీళ్లు శుద్ధి చేసే ఎర్రమందు కలిపి, రెండు కోసుల దూరంలో ఉన్న మరో ఊరికి బయలుదేరాం. మా దగ్గర పెద్ద ట్రంకు పెట్టె ఒకటి ఉండేది. గత్తర పట్టినవాళ్లకు నరంలోకి ఎక్కించే ఉప్పునీటి సీసాలు, రబ్బరు గొట్టాలు, గత్తర రాకుండా ముందుగా వేసే సూదిమందు, బొమ్మల పటాలు అన్నీ అందులోనే. దాన్ని మోయడానికి కూలికి ఒక మనిషిని మాట్లాడమని ముందురోజే పట్వారీకి చెప్పి ఉంచాను.

మనిషి వచ్చాడు. ముప్పై ఏండ్లలోపు వాడు, మాదిగవాడ నుంచి. పెట్టె నెత్తికెత్తుకునే ముందు పట్వారీతో వంగి ఏదో అన్నాడు. పట్వారీ చేయి విసిరి, "ముందు దొరవారి పని కానియ్యిరా, నీ కతలు తర్వాత," అన్నాడు. నాకు వినపడింది అంతే.

పట్వారీ మా కోసం అన్నం వండించానని చెప్పాడు. అక్కర్లేదని చెప్పి నేను నడిచాను.

"సార్ రోషానికి మా కడుపులు మాడుతున్నయ్," అన్నాడు గద్వాల కుర్రవాడు వెనకనుంచి, నాకు వినిపించేటట్టే.

"మాడనియ్యి. ఖాళీ కడుపుతో మాటలు తక్కువ వస్తయ్," అన్నాను.

పెట్టె మోస్తున్నవాడు మాకన్నా చాలా ముందు పోతున్నాడు. అంత బరువుతో, ఆ ఎండలో, ఉరికినట్టే నడుస్తున్నాడు. ఒకటి రెండుసార్లు పెట్టెతో సహా మొత్తం ఒళ్లు తిప్పి, మేము వస్తున్నామా లేదా అని వెనక్కి చూశాడు.

"జర మెల్లగ పోవయ్యా, సీసాలు పగుల్తయ్!" అని కేకేశాడు గద్వాలవాడు. మళ్లీ మాతో, "మనం చేరేలోగ ఈయననే పోయి పాఠం చెప్పి వచ్చేటట్టున్నడు సార్," అన్నాడు. అందరం నవ్వాం.

ఆ ఊళ్లో చావడి ముందు జనం అప్పటికే కూర్చుని ఉన్నారు. అక్కడి పట్వారీ వాళ్లను పనుల మీదినుంచి పిలిపించి కూర్చోబెట్టాడు. ఆడవాళ్లు కొంగులు కప్పుకుని ఒక పక్క, మగవాళ్లు నేలమీద ఒక పక్క. మా మనిషి పెట్టె దించి దాని పక్కనే నిలబడ్డాడు.

గద్వాల కుర్రవాడు లేచాడు. పటం విప్పలేదు, ఉపన్యాసం మొదలుపెట్టలేదు. నేను నేర్పినట్టే ముందు అడిగాడు.

"అమ్మా, అన్నా, మేము గుడ్డలు కాలవెట్టెటానికి రాలే. బతికించెటానికి వచ్చినం. ఎవరింట్లనన్న కక్కుళ్లు, బేదులు ఉన్నయా? దాచకుండ చెప్పుండ్రి. మందు మా దగ్గర్నే ఉన్నది."

అడిగి ఆగాడు. నాకు తృప్తి కలిగింది. జనం తలలు దించుకున్నారు. అతను ఇంకా ఆగాడు.

"మా ఇంట్ల ఉన్నది దొరా."

చెప్పినవాడు పెట్టె పక్కన నిలబడ్డ మనిషి.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్కడి పట్వారీ కసిరాడు. "నిన్నెవడడిగిండురా? నువ్వు ఈ ఊరోనివా? మూసుకొని నిలబడు."

"మందున్నదన్నరు గద దొరా, అందుకే చెప్తున్న," అన్నాడు అతను. మాట మాత్రం మా కుర్రవాడి వంకే చూసి అన్నాడు.

నేను దగ్గరికి పోయాను. "ఎవరికిరా?"

"నా పెండ్లానికి. కోడి కూసినకాడి సంది కక్కుతున్నది. బియ్యం కడుగు నీళ్ల లెక్క పోతున్నయ్. కండ్లు లోపలికి పోయినయ్."

"పొద్దున చెప్పకపోతివి?"

"పట్వారి దొరకు చెప్పిన. పెట్టె దించినంక చెప్పుకో అన్నడు."

"కూలికి ఒప్పుకున్నవాడివి, రానని చెప్పరాదా?"

అతను నా మొహం వంక అర్థం కానట్టు చూశాడు. "కూలెక్కడిది దొరా? వెట్టికి రమ్మంటే వచ్చిన. రానంటె బతకనిస్తరా?"

సభ అంతటితో ఆగిపోయింది. ఇద్దరు విద్యార్థులను అక్కడే ఉంచి, గద్వాల కుర్రవాణ్ణి తీసుకుని నేను వెనక్కి తిరిగాను. "నువ్వు ముందు ఉరుకు, పెట్టె మేం తెస్తం," అన్నాను పెట్టె మోసినవాడితో. కుర్రవాడు పెట్టెకు ఒక పక్క చేయి వేశాడు, నేను రెండో పక్క పట్టుకున్నాను. పొలం గట్టు దాటకముందే మా ఇద్దరి అడుగులూ తడబడ్డాయి. అతను ఆగి చూసి, మా చేతుల్లోంచి పెట్టె లాక్కుని నెత్తికెత్తుకున్నాడు.

"మీతోని కాదు దొరా, ఆలస్యమైతది," అన్నాడు. వచ్చిన దారి అంతా మళ్లీ అదే బరువుతో, ఈసారి నిజంగానే ఉరికాడు.

గుడిసె ముందుకు చేరేసరికి లోపల ఏడుపు లేదు. అతని అత్త, చనిపోయినామె తల్లి, బయట నేలమీద కూర్చుని ఉంది. నాలుగేండ్ల పిల్ల ఆమె ఒళ్లో ఉంది. నేను లోపలికి పోయి నాడి చూశాను. చూడవలసిన అవసరం లేదు. ఒళ్లు అప్పటికే చల్లబడింది. వేళ్ల చర్మం రోజంతా నీళ్లలో నానినట్టు ముడుచుకుపోయింది.

ముసలామె అల్లుడి నెత్తిమీద పెట్టెను చూసింది.

"ఏంది బిడ్డా గది?"

అతను పెట్టె దించాడు. గద్వాల కుర్రవాడు చెప్పాడు, "మందమ్మా."

"పొద్దుగాల్ల మా వాడ ముంగటి నుంచే పాయె గద గా పెట్టె," అన్నది ఆమె. "నేను చూస్తనే ఉంటి. అల్లుడు ఏం మోస్తుండో అనుకుంటి. అండ్లనే ఉన్నదా మందు? పిల్ల గీడ పాణం పోంగ, మందును ఊరేగిచ్చి తెచ్చినవా కొడుకా?"

కుర్రవాడు పెట్టె తాళం తీయబోయి ఆగి, మళ్లీ తీసి, సీసాలు పగిలాయేమోనని చూడటం మొదలుపెట్టాడు. ఒక్కటీ పగలలేదు.

వాడలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. గత్తర శవానికి భుజమివ్వడానికి ఎవరూ రాలేదు. చనిపోయినామె తమ్ముడు ఒక్కడే వచ్చాడు. నేను కోటు విప్పి, నేనూ ఈ డాక్టరూ చెరొక పక్క పడతామని చెప్పాను. మా వంశంలో ఆ మాట అన్నవాడు అంతకుముందు ఎవడూ ఉండడు. దాని బరువు వాళ్లకు తెలుస్తుందని కూడా నేను అనుకున్నాను.

"వద్దు దొరా," అన్నాడు చనిపోయినామె భర్త. "మీరు పట్టుకుంటిరని తెలిస్తే రేపు నా ఈపు చీరుతరు. మీరు పోతరు, నేను గీ ఊర్లనే ఉండాలె."

వాళ్లిద్దరే ఆమెను దుప్పటిలో చుట్టి, ఒక వాసానికి కట్టి, ముందొకరు వెనకొకరు మోసుకుపోయారు.

వాళ్లు తిరిగి వచ్చేలోగా నేను పొద్దున పెట్టె మోయించిన పట్వారీ ఇంటికి పోయాను. గడప ఎక్కకుండా వాకిట్లో నిలబడే, కూలికి మాట్లాడమంటే వెట్టికి ఎందుకు పంపారని, అతని పెండ్లాం సంగతి ఎందుకు వినలేదని అడిగాను. ఆయన కోప్పడలేదు. కండువా సర్దుకుని మర్యాదగానే అన్నాడు.

"దొరవారూ, గీ రివాజు మేము కొత్తగ పెట్టినమా? మా నాయన మీ గడిల పనిచేసి నేర్చుకున్నదే గద. ఆనాడు మీ తాతగారి పల్లకి మోసినోళ్ల ఇండ్లల్ల ఎవరికి ఏం రోగమున్నదో ఎవరన్న అడిగిండ్రా?"

మా తాత వాళ్లకు అన్నం పెట్టేవాడని, పేరుపేరునా ఎరిగి ఉండేవాడని చెప్పవచ్చు. అది నిజమే. ఆ మాటకు బదులు పై అధికారికి రాస్తానని చెప్పి వచ్చాను. రాశాను కూడా. రెవెన్యూ వ్యవహారాలు ఉపాధ్యాయులకు సంబంధించినవి కావని జవాబు వచ్చింది.

ఆ పిల్ల బతికింది. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఆ సాయంత్రం మాకెవరికీ ఆ నమ్మకం లేదు. తల్లి తాగిన కుండలో నీళ్లే పిల్లా తాగింది. ఆ నీళ్లు వాగు ఇసుకలో తవ్విన చెలమవి. మేము పొద్దున ఎర్రమందు కలిపిన ఊరి బావిని ఆ వాడవాళ్లు ముట్టుకోరాదు.

పిల్ల తండ్రి పూడ్చిన మట్టి చేతులతోనే వచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు.

"గీ పెట్టెల పిల్లకు పనికొచ్చేది ఉన్నదా?"

"సూదిమందు ఉన్నది," అన్నాడు కుర్రవాడు.

"అయితే పెట్టు. అడుక్కుంటలేను. పోను మోసిన, రాను మోసిన. అండ్ల నాకింత వాటా వస్తది."

కుర్రవాడు స్పిరిటు దీపం మీద సూది కాచాడు. గుచ్చే ముందు నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "సార్, గిది పనిచేసేసరికి వారమైతది. పిల్లకు ఇప్పటికే అంటుకొని ఉంటే దీనితోని కాదు. చెప్పాల్నా? చెప్తే వద్దంటడేమో."

"చెప్పు. పొద్దున మందున్నదని నమ్మి నోరు తెరిచిండు. ఇంకొక మాట తప్పుగ చెప్పే హక్కు మనకు లేదు."

కుర్రవాడు చెప్పాడు. పటం లేదు, కంఠం లేదు. నేలమీద అతని ఎదుట గొంతుక్కూర్చుని, సూది ఏం చేస్తుందో, ఏం చేయలేదో చెప్పాడు. వారందాకా పిల్లకు కాచిన నీళ్లే పట్టాలని, కుండలో నీళ్లు పారబోయాలని, చనిపోయినామె పడుకున్న మంచం కాల్చాలని చెప్పాడు.

అతను అన్నీ విన్నాడు. "నీళ్లు కాయాలంటె కట్టెలెక్కడియి?" అన్నాడు.

కుర్రవాడు నా వంక చూశాడు. నేను గుడిసె చుట్టూ చూశాను.

"మంచం కాల్చాలంటివి గద," అన్నాడు అతనే. "ఉత్తగ కాల్చుడెందుకు? గదే పొయ్యిల పెడ్త."

గొడ్డలితో మంచాన్ని చీల్చాడు. నులక ముందు అంటుకుంది. కుండను మంట మీద కాల్చి, వాగునుంచి కొత్త నీళ్లు తెచ్చి పెట్టాడు. సూది నొప్పికి ఏడ్చిన పిల్ల దాహమని ఏడవడం మొదలుపెట్టింది. ముసలామె ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ ఊపుతోంది. నీళ్లు మరిగాక దించారు. కాని చల్లారవు. కుర్రవాడు తన టోపీ తీసి కుండ మీద విసురుతూ కూర్చున్నాడు. పిల్ల కుండను చూసి ఏడుస్తూనే ఉంది.

చివరికి తండ్రి కంచు గిలాసలో కొన్ని పోసి, బయటినుంచి తాకి చూసి, పిల్ల నోటికి అందించాడు. ఒక్క గుక్కలో తాగి ఇంకా కావాలన్నది.

"నీళ్లు ఇంకిన్ని పొయ్యొచ్చునా?" అని అతను కుర్రవాణ్ణి అడిగాడు.

"పొయ్యొచ్చు. ఎన్ని తాగితే అన్ని."

రెండో కుండ పెట్టడానికి అతను మంచంకోడు ఇంకొకటి పొయ్యిలోకి తోశాడు.