తాతయ్య విల్లు సంఘం మూతపడిన ఏడు

ముక్తేశ్వరం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో, నా చిన్నప్పుడు, పిల్లలకి బాణం వెయ్యడం నేర్పే సంఘం ఒకటి ఉండేది. దాన్ని నడిపింది మా తాతయ్య. ఇప్పుడు అమలాపురంలో నేను నడుపుతున్న సంఘంలో పిల్లలు ఈ మాట వింటే నవ్వుతారు. వాళ్ళవి ఫైబరు విల్లులు, రంగు వలయాల అట్టలు. మావి వెదురు విల్లులు, గడ్డిమోపులు. అయినా ఈ పని ఎలా చెయ్యాలో నాకు తెలిసిందంతా ఆ గడ్డిమోపుల దగ్గర తెలిసిందే. అందులో ముఖ్యమైనది మాత్రం అవి ఊడదీసేశాక తెలిసింది.

మా నాన్నగారిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అందుకని నా చదువు చెడకూడదని నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచేరు. తాతయ్య మన్యంలో చాలాకాలం బడిపంతులుగా పనిచేసి, అక్కడి కొండవాళ్ళ దగ్గర విల్లు వంచడం, బాణం చెక్కడం నేర్చుకున్నారు. రిటైరై ఊరొచ్చేక ఊరికే కూచోలేక మా కొబ్బరితోట చివర, కాలవగట్టు పక్కన, చెట్లు పడిపోయి ఖాళీ అయిన చోట గడ్డిమోపులు బిగించి నిలబెట్టేరు. వాటి వెనక కొబ్బరాకుల దడి కట్టేరు. పక్కనే చెట్ల వరసల మధ్య నీళ్ళు పారే బోదె ఉండేది.

పిల్లల్ని పోగెయ్యడం కష్టం కాదు, నిలబెట్టుకోవడం కష్టం అనేవారాయన. మొదటి వారం ఊరంతా వచ్చింది. బాణం గడ్డికి తగలడం లేదని తెలిశాక సగంమంది మానేసేరు. అప్పుడాయన ఉన్నవాళ్ళందరికీ తలా ఒక పని అప్పజెప్పేరు. నారికి మైనం రాయడం ఒకరిది, బాతు ఈకలు ఏరి తేవడం ఒకరిది, చెదిరిన గడ్డి మళ్ళీ కట్టడం ఒకరిది. బాణం సరిగా వెయ్యలేని పిల్లాడు కూడా తన పని కోసం వచ్చేవాడు. ఊడ్పుల రోజుల్లో పెద్దపిల్లలు చేలోకి వెళ్ళవలసి వస్తే, వాళ్ళు తిరిగొచ్చే వేళ కనుక్కుని ఆ వేళకే మొదలుపెట్టేవారు. ఎవరైనా వరసగా రాకపోతే మాత్రం కబురు పంపేవారు కాదు. కండువా వేసుకుని తనే వాళ్ళింటికి వెళ్ళేవారు.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. "వెయ్యండి" అన్నాక వెయ్యాలి. అందరూ వేశాక ఆయన "దించండి" అంటారు. అప్పుడు విల్లులు నేలమీద పెట్టి, ఆ తరవాతే బాణాలు తెచ్చుకోవడానికి ముందుకి నడవాలి.

మా అందరిలోకీ బాగా వేసేది పక్కింటి అక్క. పదో తరగతి చదివేది. వాళ్ళ నాన్నగారు చాలా కోపిష్టి మనిషి. ఆడపిల్లకి విల్లేమిటని మొదట ఒప్పుకోలేదు. మేష్టారి మీద గౌరవంతో ఊరుకున్నారు. ఇక నాతోపాటు చదివేవాడు సైకిలు షాపాయన కొడుకు. వాడికి ఓపిక తక్కువ, ఉత్సాహం ఎక్కువ.

ఆ రోజు తాతయ్య "వెయ్యండి" అన్నారు. మేం వేస్తూ ఉన్నాం. కాలవగట్టు మీదనుంచి ఎవరో కొబ్బరికాయల బేరగాడు "మేష్టారండీ" అని కేకేసేడు. తాతయ్య అటు తిరిగి గట్టెక్కి మాట్లాడుతూ నిలబడ్డారు. "దించండి" అనలేదు. ఆ మాట ఆయన మరిచిపోవడం నేను చూసింది అదొక్కసారే.

సైకిలు షాపాయన కొడుకు బాణాలు అప్పటికే అయిపోయేయి. ఒకటి బోదెలో పడింది. తాతయ్య లేరు కాబట్టి ఆట అయిపోయిందనుకున్నాడేమో, బోదెలోంచి వంగి పరిగెత్తేడు. గడ్డిమోపు దగ్గర లేచి నిలబడ్డాడు. అప్పటికే అక్క ఆఖరి బాణం లాగి వదిలేసింది.

వాడు అరవలేదు. కన్ను చేత్తో మూసుకుని బోదెగట్టు మీద కూచున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతూంటే అప్పుడు మేం అరిచేం.

తాతయ్య పరిగెత్తుకొచ్చి వాణ్ణి ఎత్తుకున్నారు. తోటలో కొబ్బరికాయలు దింపుతున్న దింపువాళ్ళు, గట్టుమీద వెళ్తున్నవాళ్ళు, చూస్తూండగానే జనం మూగేరు. వాడి నాన్న సైకిలు షాపులోంచి చేతుల నిండా గ్రీజుతో వచ్చేడు. కొడుకుని చూసేడు. వెనకనుంచి ఎవరో గట్టిగా, "ఎవరేసేరు? ముందది చెప్పండి" అన్నారు. అక్క ఖాళీ విల్లు పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. జనంలో అక్క నాన్నగారు కూడా ఉన్నారు.

"నేనే వేసేనండి. ఆ బాణం నాది," అన్నారు తాతయ్య.

సైకిలు షాపాయన ఆయన చెంప మీద కొట్టేడు. మా ఊళ్ళో తాతయ్యని పేరుపెట్టి పిలిచేవాళ్ళు కూడా లేరు. అలాంటి మనిషి చెంప మీద నల్లగా గ్రీజు మరక పడింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు. "కొడుదురుగాని, ముందు రేవుకి పదండి," అన్నారు.

బండి కట్టించి రేవుకి తీసుకెళ్ళేరు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే గోదావరి దాటి కోటిపల్లి వైపు బస్సెక్కాలి. నేను బండి వెనక పరిగెత్తి రేవు దాకా వెళ్ళేను. ఏరు దాటించే పంటు కదిలేసరికి తాతయ్య చెక్కల మీద కూచుని వాడి తల ఒళ్ళో పెట్టుకున్నారు. వాడి తల్లి కొంగుతో వాడి ముఖం మీద ఎండ పడకుండా పట్టుకుంది. వాడి నాన్న వాళ్ళకి వీపు పెట్టి నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ నలుగురూ అలా చిన్నగా అయిపోవడం గట్టు మీంచి చూస్తూ ఉండిపోయేను.

కన్ను దక్కలేదు.

తిరిగొచ్చేసరికి ఊరు మారిపోయింది. కేసు పెట్టమని సైకిలు షాపాయనకి చాలామంది చెప్పేరు. ఆయన విని ఊరుకున్నాడు. పెద్దలు కూచుని ఇక ఈ విల్లులూ బాణాలూ వద్దన్నారు. తాతయ్య "ఆయ్, అలాగేనండి" అని, తనే తోటలోకి వెళ్ళి గడ్డిమోపుల తాళ్ళు కోసేసేరు. ఆ గడ్డి గేదెలు తిన్నాయి. విల్లులు అమ్మమ్మ నీళ్ళపొయ్యిలో పెట్టింది. పెడుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

ఆ తరవాత ఆయన నన్ను వెంటబెట్టుకుని సంఘంలో ఉన్న పిల్లలందరి ఇళ్ళకీ వెళ్ళేరు. ఇదివరకు పిల్లలు మానేస్తే వెళ్ళినట్టే వెళ్ళేరు. అప్పుడు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చినవాళ్ళు ఇప్పుడు గుమ్మంలోనే నిలబెట్టేరు. ఒకింట్లో లోపల మాటలు వినబడుతున్నా తలుపు తియ్యలేదు. ఆయన కాసేపు నిలబడి, మూసిన తలుపుకే చెప్పవలసింది చెప్పి వచ్చేసేరు. చెప్పింది అన్నిచోట్లా ఒకటే. పిల్లలు నియమం తప్పలేదు, తప్పింది నేను, మీవాణ్ణి ఏమీ అనకండి అని.

నాకు సిగ్గేసింది. దారిలో ఎందుకు తాతయ్యా ఇలా తిరగడం అని అడిగేను.

"పిల్లలు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తూ ఉంటారమ్మా. వాళ్ళ తప్పు కాదని వాళ్ళ పెద్దవాళ్ళ ముందు ఎవరో ఒకరు చెప్పాలి కదా," అన్నారు.

వేసింది అక్క అని చూసినవాళ్ళం కొద్దిమంది పిల్లలం. బేరగాడు పైఊరివాడు, మళ్ళీ ఇటు రాలేదు. మమ్మల్ని ఎవరూ చెప్పొద్దనలేదు. అయినా ఒక్కరం కూడా నోరు విప్పలేదు.

అక్క బడి మానేసింది. కంచం ముందు కూచుని లేచిపోయేది. జడుసుకుందని వాళ్ళమ్మ తాయెత్తు కట్టించింది. జబ్బలు సన్నబడిపోయి ఆ తాయెత్తు మోచేతికి జారిపోయేది. తాతయ్య వాళ్ళింటికి కూడా వెళ్ళేరు గానీ, వాళ్ళ నాన్నగారు పక్కనే ఉండడంవల్ల అందరిళ్ళలో చెప్పిన మాటే చెప్పి వచ్చేసేరు. ఆ మాట తనకి ఇంకా బరువైందని చాలా ఏళ్ళ తరవాత అక్క నాతో అంది.

ఒక మధ్యాహ్నం గోడవతల నుంచి నన్ను పిలిచింది. "నాతో వస్తావా" అంది. ఎక్కడికని నేను అడగలేదు. తన నడక చూస్తే సగం దారిలోనే నాకు తెలిసిపోయింది.

సైకిలు షాపు వెనకే వాళ్ళ ఇల్లు. వసారాలో చాప మీద వాడు కంటికి కట్టుతో పడుకుని ఉన్నాడు. వాడి తల్లి చేటలో బియ్యం ఏరుతోంది. అక్క మెట్టు దగ్గరే నిలబడి, కిందికి చూస్తూ చెప్పేసింది.

"పిన్నిగారూ, ఆ బాణం మేష్టారిది కాదండి. నేను వేసేను."

ఆవిడ చేతులు ఆగేయి. ఆవిడ లేచి కొడుతుందేమోనని నేను వెనక్కి జరిగేను.

"తెలుసమ్మా," అంది ఆవిడ. "ఆసుపత్రిలో వాణ్ణి లోపలికి తీసుకెళ్ళినప్పుడే మేష్టారు మా ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పేరు. మీకు అబద్ధం చెప్పి మీ పక్కన కూచోలేనండి, ఇక మీరేం చేసినా మీ ఇష్టం అన్నారు. ఆఖరికి మా ఆయన, ఊళ్ళో మీరు చెప్పిందే ఉండనివ్వండి మేష్టారూ అన్నారు. ఆ పిల్ల పేరు బయటికొస్తే వాళ్ళ నాన్న బతకనివ్వడని ఆయనకీ తెలుసు."

అక్క మెట్టు మీద కూచుంది. ఆవిడ వచ్చి ఓదార్చలేదు. మళ్ళీ చేట చేతిలోకి తీసుకుంది.

"నీమీద కోపం లేదని చెప్పలేనమ్మా. వాడి కట్టు మార్చినప్పుడల్లా వస్తుంది. వస్తూనే ఉంటుందేమో." చేటలోంచి రాయి ఒకటి ఏరి పారేసి అంది, "పుస్తకం చూస్తే ఉన్న కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి వాడికి. పరీక్షలు దగ్గరికొచ్చేయి. సాయంత్రం వచ్చి పాఠాలు చదివి వినిపిస్తావా?"

"ఆయ్," అంది అక్క.

వాడు అన్నీ వింటూనే ఉన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు అక్క వెళ్ళి చదువుతూంటే కూడా అలాగే గోడవైపే తిరిగి ఉన్నాడు. చదవొద్దని మాత్రం అనలేదు. కొన్నాళ్ళ తరవాత ఒకసారి అక్క దగ్గు వచ్చి చదవడం ఆపితే, గోడవైపునుంచే "తరవాత?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి నేను విన్నదంతా తాతయ్యకి చెప్పేను. ఊరందరి ముందూ ఒకలాగ, వాళ్ళ దగ్గర ఒకలాగ ఎందుకు చెప్పేవని అడిగేను. అది నిలదీసినట్టే అడిగేనని గుర్తు. ఆయనకి కోపం రాలేదు.

"ఊళ్ళోవాళ్ళకి ఆ పూట కొట్టడానికి ఒక మనిషి కావాలమ్మా. ఆ పిల్లనెందుకు ఇవ్వడం, నేనున్నానుగా. వాడి తల్లీతండ్రీ సంగతి వేరు. వాళ్ళకి కన్ను పోయింది. అది నేను తెచ్చివ్వలేను. ఏం జరిగిందో కూడా చెప్పకపోతే ఇంకేం ముఖం పెట్టుకుని వాళ్ళ ముందు నిలబడను?"

ఇదంతా విని మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ మళ్ళీ కలిసిపోయేయనుకోకండి. సైకిలు షాపాయన ఆ తరవాత మా గడప తొక్కలేదు. దారిలో తాతయ్య ఎదురైతే తల తిప్పుకునేవాడు. కేసు పెట్టలేని చేతగానివాడని నలుగురూ అన్నా, అక్క పేరు మాత్రం చచ్చేదాకా ఎత్తలేదు. ఆ రెండూ ఒకే మనిషి చేసేడు. తాతయ్య పోయినప్పుడు వచ్చి, వాకిట్లో చెప్పులు విప్పి, దూరంగా ఒక్కడే నిలబడి వెళ్ళిపోయేడు. కొడుకు గల్ఫ్ వెళ్దామనుకుంటే కంటి పరీక్ష దగ్గర ఆపేసేరు. ఆ షాపే చూసుకున్నాడు. అక్కని రాజోలు వైపు ఇచ్చేరు. విల్లు మళ్ళీ ముట్టుకోలేదు. తాతయ్య కూడా ముట్టుకోలేదు. ఆయన చివరి రోజుల్లో మంచం మీద మగతలో "దించండి, దించండి" అంటూంటే ఇంట్లో మిగతావాళ్ళకి అర్థం కాలేదు. నేను మంచం పక్కన కూచుని "దించేం తాతయ్యా" అనేదాన్ని.

ఇన్నేళ్ళకి నేను మళ్ళీ ఈ పని మొదలెట్టినప్పుడు అక్క ఫోను చేసి, ఎందుకే నీకిది అంది. పిల్లలు వస్తారు, ట్యూషన్లని మానేస్తారు, ఫోన్లలో పడి మానేస్తారు. నేను చెప్పులేసుకుని వాళ్ళిళ్ళకి వెళ్తాను. తలుపు తీస్తే మాట్లాడతాను. అందరూ నేర్చుకునేది గురి అనుకుంటారు. నేను మాత్రం పిల్లలు విల్లులు దించి, బాణాలు వేసే గీత దాటి ముందుకి నడిచేదాకా అక్కణ్ణుంచి కదలను, ఎవరు పిలిచినా పలకను.

కిందటేడు అంత జాగ్రత్తలోనూ ఒక పిల్ల విల్లు చేతిలో విరిగి పక్కపిల్ల దవడ చీరుకుంది. విల్లుకి బీట ఉన్న సంగతి చూసుకోవలసింది నేను. కమిటీవాళ్ళు ముందు మనం కూచుని ఏం చెప్పాలో అనుకుందామన్నారు. నేను ఆగలేదు. దెబ్బ తగిలిన పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళి ఏం జరిగిందో, నేనేం చూడలేదో మొత్తం చెప్పేను. ఆవిడ నన్ను అనరాని మాటలు అంది. పిల్లని మానిపించింది. కుట్లు విప్పిన రోజు వెళ్ళేను, ఆ తరవాతా వెళ్తున్నాను. ఆవిడ కుర్చీ వెయ్యదు. ఆ పిల్ల లోపల్నుంచి తొంగిచూస్తుంది. గుమ్మం దగ్గర నిలబడి ఎలా ఉందమ్మా అని అడిగి, వచ్చేస్తాను.