తలకాయ బరువు

మనిషి తలకాయ ఇంత బరువుంటుందని ముప్పై ఏళ్లు దాటేదాకా నాకు తెలియదు. తెలిసిన రోజు నుంచి ఇప్పటిదాకా ఆ ఆశ్చర్యం తీరనేలేదు.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. మాది పెడన. మా అక్క మొగుడు, అంటే మా బావ, కాలవ పక్కన పాక వేసి కలంకారీ అద్దకం చేయించేవాడు. నేను ఆయన దగ్గర అచ్చులు వేసేవాణ్ణి. గోనెపట్టా మీద మఠం వేసుకుని కూర్చోవాలి. ముందు జానెడెత్తు బల్ల, దాని మీద గుడ్డ. మెడ వంచి, టేకు అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, అదే చేతి పిడికిలితో దాని వీపున ఒక్క గుద్దు గుద్దాలి. అచ్చు పాత గీతకు సరిగ్గా ఆనిందో లేదో ముందు బొటనవేలూ చూపుడువేలూ చెబుతాయి. కన్ను ఆ తర్వాతే.

నల్ల గీతలు వేసేటప్పుడు కనిపిస్తాయి. ఎరుపు రావాల్సిన చోట మాత్రం పటిక నీళ్లతో అచ్చు వేస్తాం. పటిక గుడ్డ మీద సరిగ్గా కనపడదు. కాలవలో ఉతికి, రాగి కాగులో రంగుచెక్కతో ఉడకబెట్టాకే ఎరుపు బయటపడుతుంది. అందాకా అంతా వేళ్ల మీద నమ్మకమే. ఆ నమ్మకం నా దగ్గర దండిగా ఉండేది. దుప్పటి అంచుల పని బావ ఇంకొకళ్లకి ఇచ్చేవాడు కాదు. నా పొగరు కూడా అందుకు తగ్గట్టే ఉండేది.

మొదట కుడి భుజం బిగుసుకుంది. తర్వాత మెడ పట్టేసింది. అద్దకం వాళ్లకి మెడ పట్టేయడం వింతేం కాదు, పట్టించుకోలేదు. ఆ తర్వాత బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కాయి. కాలు మడిచి కూర్చుంటే వచ్చి, లేస్తే పోయే తిమ్మిరి కాదది. వచ్చి తిష్ఠ వేసుకుంది. అచ్చు పట్టుకుంటే వేళ్లకీ చెక్కకీ మధ్య ఎవరో మందపాటి గుడ్డ చుట్టినట్టుండేది.

వేళ్లకి తెలియకపోతే ఏం చేస్తాం? అచ్చు పడలేదేమోనని ఇంకా గట్టిగా గుద్దుతాం. నేనూ అదే చేశాను. పటిక కనపడదు గనక ఎంత పడిందో తెలియదు. గుద్దినకొద్దీ భుజం బిగిసింది, భుజం బిగిసినకొద్దీ వేళ్లు మొద్దుబారాయి, వేళ్లు మొద్దుబారినకొద్దీ ఇంకా గుద్దాను. ఒకనాడు నా గుడ్డలు కాగులోంచి తీసి గట్టు మీద ఆరేస్తే ఎరుపంతా నల్ల గీత దాటి బయటికి పొంగి ఉంది. బావ నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏరా, పువ్వులకి గవదబిళ్లలు లేచినట్టున్నాయే," అన్నాడు.

మర్నాడు అంచుల పని తీసి తన ముందు పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

చేతికి చేయించని వైద్యం లేదు. మా ఆవిడ ఆముదం రాసి వావిలాకు కాపడం పెట్టింది. పట్లు తీసే ఆయన వచ్చి నరం మీద నరం ఎక్కిందని మణికట్టు పట్టుకుని పిండేశాడు. అద్దకం పనిలో చెడితే చెయ్యే చెడాలని అందరం గట్టిగా నమ్మాం. నొప్పి మటుకు మెడలోంచి మోచేతిదాకా తోడేసేది. కుడిచేత్తో అన్నం కలుపుకుంటుంటే ముద్ద వేళ్లలో ఉందో జారిపోయిందో చూసుకుంటే గానీ తెలిసేది కాదు. ఈ చెయ్యి ఇక నాకు దక్కదేమోనని భయం పట్టుకుంది. అచ్చు వేయడం తప్ప నాకు వచ్చిన పని ఇంకోటి లేదు.

గుడివాడలో ఎక్స్‌రే మిషను పెట్టిన డాక్టరు గారు ఉన్నారని విని బావే నన్ను రైలెక్కించి తీసుకెళ్లాడు. ఆయన నా చెయ్యి ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి వదిలేసి మెడ దగ్గరకొచ్చారు. నాకు ఒళ్లు మండింది.

"బాధ చేతికండీ," అన్నాను.

"ఉండవయ్యా," అని నా తలను కుడివైపుకి కాస్త వంచి, నడినెత్తిన అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కారు. మెడలో ఒక మంట బయల్దేరి, భుజం మీదుగా దిగి, మోచేతి పక్కనుంచి సరాసరి బొటనవేలి కొసదాకా పాకింది. నేను బల్ల పట్టుకున్నాను. నెత్తిన నొక్కితే వేలు మండడమేమిటి?

అప్పుడాయన నా వెనక్కి వచ్చి, రెండు చేతులూ దవడల కింద పెట్టి, తలను నెమ్మదిగా పైకెత్తారు.

మంట ఆరిపోయింది. నెలల తరబడి నన్ను పడుకోనివ్వని బాధ ఏదో పొరపాటున వచ్చినదానిలా వెళ్లిపోయింది. చంటిపిల్లాడిగా మా అమ్మ ఎత్తుకున్నప్పుడు తప్ప నా తలను ఇంకొకరు మోయడం అదే మొదలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వదలకండి డాక్టరు గారూ," అన్నాను.

"బయట ఇంకా జనం ఉన్నారయ్యా," అని నవ్వి వదిలేశారు. తల మళ్లీ మెడ మీదకి దిగింది. మంట మళ్లీ రాజుకుంది.

ఎక్స్‌రే తీసి, కడిగిన ఆ రేకును తడితడిగానే కిటికీ వెలుగుకి పట్టి చూపించారు. నల్లటి రేకు మీద తెల్లగా నా మెడ, నీళ్లు కారుతూ. కాలవలోంచి అప్పుడే తీసిన గుడ్డలా ఉంది. అన్నేళ్లూ నాతో తిరుగుతూ నాకొక్కసారీ కనపడనిది అక్కడ నా ఎదురుగా వేలాడుతోంది. ఎముక మీద ఎముక ఎంతో పొందిగ్గా పేర్చి ఉంది. ఇంత అందమైన పనితనం నా లోపల ఉన్నందుకు గర్వపడాలో, దాన్ని నేనే పాడుచేసుకున్నందుకు ఏడవాలో తెలియలేదు. కిందివైపు రెండు ఎముకల మధ్య సందు తక్కినవాటి కంటే ఇరుగ్గా ఉంది. ఆయన పెన్సిలు కొస అక్కడ పెట్టారు.

"నీ బొటనవేలికి వెళ్లే నరం ఇక్కడినుంచే బయల్దేరుతుంది. ఇక్కడ నలుగుతోంది. నువ్వేమో పొద్దస్తమానం తలకాయ ముందుకి వేలాడేసి, పైనుంచి గుద్దులు. చేతిలో లోపమేం లేదు," అన్నారు.

"బాగవుతుందా అండీ?" అన్నాడు బావ.

"నొప్పి తగ్గుతుంది. తిమ్మిరి సంగతి మాత్రం చెప్పలేను. నరం మళ్లీ మేలుకుంటే మేలుకుంటుంది, లేదంటే లేదు. తిమ్మిరి పోయేదాకా అచ్చు ముట్టుకోవద్దు."

తిరుగు రైల్లో బావ నిద్రపోయాడు. నాకు కళ్లు మూతపడలేదు. పెట్టెలో ఉన్న మెడలన్నీ చూస్తూ కూర్చున్నాను. బందరు నుంచి చేపలు తెచ్చి అమ్ముకుని ఖాళీ గంపలతో పోతున్న ఆడవాళ్లున్నారు. పొద్దున ఆ నిండు గంపలు ఈ మెడల మీదే వచ్చి ఉంటాయి. ఒక ముసలాయన ఊగుతూ కునుకు తీస్తున్నాడు. తల ఒరిగినప్పుడల్లా మెడ దాన్ని పడిపోనివ్వకుండా లాక్కుని నిలబెడుతోంది, ఆయనకి తెలియకుండానే. కవుతరం దాటాక కిటికీలోంచి చూస్తే నాట్లు వేస్తున్న వాళ్లు బారుగా వంగి ఉన్నారు. లోకమంతా ఇంతింత తలకాయలు మోసుకుంటూ, మోస్తున్న సంగతే తెలియక తిరుగుతోంది. నేనూ అలాగే తిరిగినవాణ్ణి. లేచి అందరికీ చెప్పాలనిపించింది. పిచ్చివాడంటారని ఊరుకున్నాను.

డాక్టరు గారు చెప్పినట్టే ఇంట్లో ఏర్పాటు చేశాం. వాడకంలో లేని బావి గిలకొకటి తెచ్చి బావ దూలానికి బిగించాడు. మా ఆవిడ దళసరి గుడ్డ మడతలు పెట్టి గడ్డం కిందకీ తల వెనక్కీ పట్టేలా పట్టీ కుట్టింది. దానికి తాడు కట్టి, గిలక మీదుగా వేసి, రెండో కొసకి ఇసక సంచి వేలాడదీశాం. ఆ తాడు కింద కుర్చీ వేసుకుని నేను కూర్చోవాలి. ఇసక కొద్దికొద్దిగా పెంచాలి. సంచి వదలగానే తల తేలిపోయేది. డాక్టరు గారి చేతులు మళ్లీ వచ్చినట్టుండేది. ఆ కాసేపూ బాధ లేని మనిషినయ్యేవాణ్ణి. రోజూ అయ్యేదే అయినా రోజూ వింతగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారు మజ్జిగ కోసం వచ్చి గుమ్మంలోంచి చూసింది. ఆవిడకి దూలం కనపడింది, తాడు కనపడింది, తాడు కింద నా మెడ కనపడింది. చేతిలో గిన్నె వదిలేసి ఒక్క ఉరుకున వచ్చి నా మోకాళ్లు రెండూ వాటేసుకుని పైకెత్తసాగింది. పట్టీ గడ్డాన్ని బిగించేసి నోరు పెగలనివ్వదు. నేను "ఊ ఊ" అంటున్నకొద్దీ ప్రాణం పోతోందనుకుని ఇంకా ఎత్తుతోంది. మా ఆవిడ పెరట్లోంచి వచ్చి విడిపించే సరికి సగం వీధి మా అరుగు మీద ఉంది.

"చెయ్యి పోయిందని అంత పని చేస్తావా నాయనా," అని పిన్నిగారు నా తల నిమిరింది. సంగతంతా విన్నాక కూడా నమ్మకం కుదరక చాలా రోజులు రోజూ ఒకసారి తొంగిచూసి వెళ్లేది.

నొప్పి నెమ్మదిగా తగ్గింది. భుజం వదులైంది. అద్దకం బల్ల కాళ్ల కింద బావ ఇటుకలు పేర్చి, నిలబడి పనిచేసేలా ఎత్తు చేయించాడు. నుంచుని అచ్చు వేయడమేమిటని పాకలో పెద్దవాళ్లు ముక్కున వేలేసుకున్నా వినలేదు. "వచ్చినప్పుడు వాడు వంగకూడదు," అన్నాడట. ఆ మాట అక్క వచ్చి చెబితే నాకు సంతోషానికి బదులు దిగులు పట్టుకుంది. వానాకాలం వెళ్లిపోయింది, వేళ్లు మాత్రం అలాగే మొద్దుల్లా ఉన్నాయి. ఎదురుచూసే వాళ్లకి ఏం చెప్పాలి?

ఒక పొద్దున పట్టీ కుట్లు ఊడితే మా ఆవిడ కుర్చీ పక్కన కూర్చుని బాగుచేసింది. పొయ్యి మీద ఎసరు పొంగుతుంటే సూది గుడ్డకే గుచ్చి లోపలికెళ్లింది. నేను చూసుకోలేదు. పట్టీ తగిలించుకుందామని కుడిచేత్తో అందుకున్నాను. బొటనవేలికి చురుక్కుమంది.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. లాక్కున్నాక అర్థమైంది, దేనికి లాక్కున్నానో. వేలి మీద ఆవగింజంత నెత్తురు. దాని చుట్టూ సన్నటి సెగ.

"ఏమేవ్, ఒకసారిలా రా," అన్నాను.

ఆవిడ తడిచేతులతో వచ్చి నెత్తురు చూసింది. "అయ్యో, సూది మర్చిపోయానండీ. బాగా గుచ్చుకుందా?"

"నొప్పెట్టింది," అన్నాను. "ఇంకోసారి గుచ్చు."

నా మొహంలోకి చూసింది. వేలు చూసింది. సంగతి తెలిసి అక్కడే నేల మీద చతికిలబడిపోయింది. సూది చేతికిచ్చినా గుచ్చడానికి ఆవిడకి చేతులు రాలేదు.

నేనే తీసుకుని, కళ్లు మూసుకుని, చూపుడువేలికి గుచ్చుకున్నాను. అదీ నొప్పెట్టింది.