జకార్తా నుంచి వచ్చిన ఎర్ర బట్ట

అమీర్‌పేట మెట్రో వెనక సందులో నాదొక బ్లౌజులు కుట్టే షాపు. కొలతకు ఆది బ్లౌజు తేకుండా వచ్చి "మీకు తెలుసు కదా ఆంటీ" అనేవాళ్ళతో రోజూ తగువే. మొన్న ఎండాకాలం, మధురానగర్ హాస్టల్లో ఉండి చదువుకునే జకార్తా అమ్మాయి వచ్చి ఒక ఎర్ర బట్ట నా బల్ల మీద పరిచింది.

ఎరుపూ నలుపూ గళ్ళు. పోగులను ముడులు కట్టి, రంగులో ముంచి, ఆపైన నేసిన పని. నేతగాళ్ళ ఊళ్ళో పుట్టినదాన్ని, మా నాన్న మగ్గం మీద అచ్చం ఇవే గళ్ళు చూశాను.

"ఇది మీ వైపుదే ఆంటీ," అంది, హాస్టల్లో నేర్చుకున్న తెలుగులో. డచ్చివాళ్ళు జకార్తాను బటేవియా అనే రోజుల్లో మన తీరం నుంచి ఓడల నిండా బట్టలు పోయేవట. అవి ఇచ్చి లవంగాలు, మిరియాలు కొనేవారట. ఈ పిల్ల ముత్తాతల్లో ఒకాయన ఆ ఊరి రేవులో బట్టల వర్తకుడు. అప్పటినుంచీ దీన్ని పెళ్ళికీ చావుకీ తప్ప పెట్టెలోంచి తీయలేదు.

తన బట్ట పక్క ఊరి అంగడి దాటిందంటేనే మా నాన్న పొంగిపోయేవాడు. ఇలాంటి బట్ట సముద్రం దాటి ఎవరింట్లోనో దేవుడిలా ఉంటుందని కలలోనైనా అనుకున్నాడా!

"నాలుగు ముక్కలు చెయ్యండి. మేం నలుగురు మనవరాళ్ళం. అమ్మమ్మ మంచం మీదుంది, తన చేత్తో పంచాలంట. బట్ట పుట్టినచోటే కోయించమంది. ఎల్లుండి నా ఫ్లైట్."

"నాతోని కాదు బిడ్డా. గింత పాతదానికి కత్తెర ఎట్ల పెడత?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మమ్మ ఎక్కువ రోజులు ఉండదు ఆంటీ. తాతలు ఇలాంటివి కోసి అమ్మినవాళ్ళే కదా, భయమెందుకు అంటుంది."

కత్తెర కళ్ళకద్దుకున్నాను. పాత అంచు విప్పితే, మడత లోపల ఎరుపు నిన్న అద్దినట్టే ఉంది. ఎవరి చేతులో అవి, ఎంత గొప్పవో! గళ్ళ వెంబడే కోశాను.

నాలుగింటికీ అంచులు కుట్టాక, దేవుడి పటం దగ్గరి పసుపు తెచ్చి ఒక్కోదాని మూలకు కొంచెం రాశాను.

"ఇదెందుకు ఆంటీ?" అంది.

"కొత్త బట్టలకు పెడ్తం బిడ్డా," అన్నాను.