పేరు చెప్పినవాడికి పళ్లెం

గోపన్‌పల్లి బడిలో మాకు రసాయన శాస్త్రం చెప్పిన టీచరమ్మ పోయారు. "అమ్మ ప్రభువు దగ్గరికి పోయిందన్నా" అని మణికొండ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామనీ, నన్ను మాట్లాడమనీ అడిగింది. మాట్లాడాను. అందుకే ఇప్పుడిది రాయాల్సి వస్తోంది.

పదార్థాల భౌతిక లక్షణాలంటే పుస్తకంలో ఒక పేజీ. టీచరమ్మకు అది నెల రోజుల పాఠం. స్టీలు పళ్లెంలో పటిక, కలకండ, కర్పూరం, మైనం ముక్కలు పెట్టేవారు. రంగేమిటి, వాసనుందా, గోటికి లొంగుతుందా, నీళ్లలో కరుగుతుందా, వేడికి ఏమవుతుంది, ఇవే చెప్పాలి. నాలుక తగలకూడదు. పేరు అన్నిటికన్నా ఆఖర్న. తొందరపడి పేరు అరిచినవాడు ఆ పీరియడంతా నోరు మూసుకుని, పళ్లెం పట్టుకుని అందరి దగ్గరికీ తిరగాలి.

"పేరు నేనడిగానా నాయనా? చూసింది చెప్పు," అనేవారు, తన గుంటూరు యాసలో. పటికను చూసి నేను కలకండ అని అరిచిన రోజున, సాయంత్రం టీలో వేసుకోమని క్లాసంతటినీ నవ్వించారు. పళ్లెం ఎక్కువగా నా చేతుల్లోనే ఉండేది.

కూడికలో మైకు అందుకుని, ఐటీ కంపెనీల అద్దాల మేడల నీడలో మొలిచిన కార్పొరేట్ బడులను కడిగేశాను. పటిక మొహం చూడని పిల్లలు నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెడితే చదువైపోతుందా అని నిలదీశాను. ఏం, తప్పా? ఒక్క మాటా వెనక్కి తీసుకోను. టీచరమ్మను ప్రజా విజ్ఞాన దీపమన్నాను, అలుపెరగని యోధురాలన్నాను. చర్చి అని కూడా చూడకుండా జనం చప్పట్లు కొట్టారు.

దిగి వస్తుంటే కూతురు పక్కకు పిలిచింది. గొంతులో కోపం లేదు.

"మంచిగ మాట్లాడినవ్ అన్నా. గని అండ్ల మా అమ్మ ఏది?"

బిరుదులిచ్చాను గానీ మనిషిని చెప్పలేదు. సరే, ఇప్పుడు చెబుతాను. కుడి అరచెయ్యి గరుకు, దాని గీతల్లో సుద్దపొడి. దగ్గరికొస్తే స్పిరిట్ దీపం వాసన. గొంతు సన్నమే, చివరి బెంచీ దాకా వచ్చేది. నవ్వొస్తే డస్టర్ అడ్డం పెట్టుకునేవారు, ముక్కు మీద తెల్లమచ్చ మిగిలేది. ఇంకా? ఇంకేమీ లేదు. అన్నేళ్లు ఎదురుగా నిలబడిన మనిషి కళ్లు నలుపో గోధుమరంగో నాకు తెలియదు. సభలెక్కి ఊరందరినీ కళ్లు తెరవమని అరిచే నాకు.

కూడిక చివర కొవ్వొత్తులు పంచాలి. కూతురు వాటిని స్టీలు పళ్లెంలో తెచ్చి నా చేతిలో పెట్టింది.

"జర అందరి దగ్గరికి తిప్పన్నా."

నోరు మూసుకుని బల్లల వరసల మధ్య నడిచాను. ఒక్కొక్కరూ తీసుకుంటుంటే పళ్లెం తేలికవుతూ వచ్చింది. ఆఖరికి ఒకటి మిగిలింది. తెల్లగా ఉంది. వాసన లేదు. వేలికి జారుతోంది. గోటితో నొక్కితే గీత పడింది.