సువార్త పిన్ని చెయ్యి

సువార్త పిన్ని ఇక లేదు.

నిన్న మధ్యాహ్నం కాలేజ్ ల్యాబ్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "పిన్ని పోయిందే" అంది.

ఏ పిన్ని అని అడిగాను. నాకున్నది ఒక్క పిన్నే.

పొద్దున అల్ హైల్‌లో తను పనిచేసే ఇంట్లో టీ పెడుతూ పడిపోయిందట. ఆ ఇంటి మేడమే కార్లో హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది. గుండె సరిగ్గా కొట్టుకోక, రక్తం గడ్డకట్టి బ్రెయిన్‌కి వెళ్ళిందన్నారు డాక్టర్లు. ఈ ప్రాబ్లమ్ ఎప్పట్నుంచో ఉండి ఉంటుందట.

ఎప్పట్నుంచో నాకు తెలుసు.

అదే చెప్పాలని ఈ పోస్ట్. చెప్పకపోతే ఊపిరాడేలా లేదు.

పిన్ని తెలియనివాళ్ళకి, తను మా అమ్మ పెదనాన్న కూతురు. పాలకొల్లు దగ్గర ఊరు. పదేళ్ళుగా ఇక్కడ ఒక ఒమానీ ఇంట్లో మంచం మీదున్న ముసలమ్మని చూసుకునేది. శుక్రవారం లీవ్. చర్చ్ అయ్యాక దార్సైట్‌లో మా ఫ్లాట్‌కి వచ్చి, అన్నం తిని, సాయంత్రం దాకా ఉండేది.

నా సంగతి మీకు తెలిసిందే. కోర్సుకి ముందు చదవాల్సిన కాలేజ్ ఫౌండేషన్ ఇయర్‌లో మ్యాథ్స్ రెండుసార్లు పోయింది. నర్సింగ్‌లో చేరతానంటే క్లాసులో నవ్వేవాళ్ళు. నాన్న కూడా "దీనికి మెట్లు లెక్కపెట్టడమే రాదు, పేషెంట్లని ఏం చేస్తుందో పాపం" అనేవాడు. సరదాకే.

కానీ నేను నమ్మేశాను.

పిన్ని ఒక్కతే నమ్మలేదు.

"లెక్కలు రాకపోతే నేర్చుకుంటది. దా, నా చెయ్యి పట్టుకో. నాడి చూడ్డం నేర్చుకుందువు గాని" అంది. ఆ ముసలమ్మ కోసం ఇంటికొచ్చే నర్సుని చూసి చూసి, మూడు వేళ్ళు ఎక్కడ పెట్టాలో తనకి తెలిసిపోయింది. నాకు చూపించింది తనే.

దాదాపు ఏడాది. ప్రతి శుక్రవారం సోఫాలో కూర్చుని చెయ్యి నా ఒళ్ళో పడేసేది. అంట్ల సబ్బు వాసన, వెల్లుల్లి వాసన కలిసి వచ్చేవి ఆ చేతి నుంచి. నేను గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టేదాన్ని.

ఒకటి, రెండు.

ఆగేది.

తర్వాత రెండు గబగబా వచ్చేవి. మళ్ళీ ఆగేది.

ఒకసారి నిమిషానికి అరవై ఎనిమిది. వెంటనే ఇంకోసారి చూస్తే ఎనభై. మళ్ళీ చూస్తే డెబ్బై ఒకటి.

"ఉన్నది ఒక్క గుండే కదే, మూడు లెక్కలు చెప్తన్నావేంటి? ధ్యాస పెట్టి చూడు" అని నవ్వేది.

నేనూ నవ్వేదాన్ని. తప్పు నా లెక్కదేనని మా ఇద్దరికీ డౌటే లేదు. మ్యాథ్స్‌లో రెండుసార్లు పోయినదాన్ని కదా.

మూడోసారి బొటాబొటి మార్కులతో గట్టెక్కాను. నర్సింగ్ ఇంటర్వ్యూలో ఒమానీ మేడమ్ నా మార్క్స్ షీట్ చూసి, "రేపు పేషెంట్‌కి మందు డోసు తప్పు లెక్కేస్తే?" అని అడిగింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ప్రతి శుక్రవారం మా పిన్నికి నాడి లెక్కపెడతాను మేడమ్" అన్నాను.

ఆవిడ చెయ్యి ముందుకు పెట్టింది. "ఏదీ, చూడు."

డెబ్బై రెండు. ఇంకోసారి చూడమంది. మళ్ళీ డెబ్బై రెండే. ఒకదాని తర్వాత ఒకటి, ఎక్కడా ఆగకుండా వచ్చాయి.

ఆ నిమిషంలో నేననుకున్నది ఒకటే. అబ్బ, ఇన్నాళ్ళకి నాకు లెక్కపెట్టడం వచ్చేసింది.

సీటొచ్చింది. పిన్ని ఏడ్చేసింది. సెకండ్ల ముల్లున్న వాచ్ కొనిచ్చింది. ఆ తర్వాత తన చెయ్యి పట్టుకునే పని నాకు పడలేదు.

పోయిన వారం సోమవారం క్లాసులో నాడి గురించి చెప్తూ, కొన్ని గుండెలు ఎలా కొట్టుకుంటాయో మేడమ్ బల్ల మీద వేళ్ళతో కొట్టి చూపించింది. రెండు దెబ్బలు. ఆగి, గబగబా రెండు.

ఏడాది పాటు నా వేళ్ళ కింద ఉన్నది అదే.

అప్పుడే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. మళ్ళీ నా లెక్కే తప్పేమో, పిన్నిని ఊరికే భయపెట్టడం ఎందుకు, శుక్రవారం ఒకసారి సరిగ్గా చూసి చెబ్దాం అనుకున్నాను. సీటొచ్చినా బుద్ధి ఆ ఫెయిలైన పిల్లదే.

శుక్రవారం చర్చ్‌లో కలిసింది. ముసలమ్మకి ఒంట్లో బాలేదని, ఆ రోజు మా ఫ్లాట్‌కి రాకుండా అట్నుంచటే వెళ్ళిపోతానంది. నేను కొత్త డ్రెస్, చేతినిండా గాజులు. వాచ్ మ్యాచ్ అవ్వదని ఇంట్లో పెట్టి వచ్చాను. ఫోన్ ఫొటో తీసేవాళ్ళ చేతిలో ఉంది. తర్వాత ఫోన్‌లో సెకండ్లు చూసుకోవచ్చు కదా అంటారా? నిన్నటి నుంచి నన్ను నేను అదే అడుగుతున్నాను.

"పిన్నీ, వచ్చే శుక్రవారం వాచ్ పెట్టుకొస్తా. నీ నాడి చూడాలి" అన్నాను.

"సీటొచ్చాక కూడా నా చెయ్యే దొరికిందా నీకు? సర్లే, చూద్దువు గాని" అంది.

కింద పెట్టిన ఫొటో అప్పటిదే. పిన్ని నవ్వుతోంది. నేను తన చెయ్యి పట్టుకుని ఉన్నాను. జూమ్ చేసి చూడండి, నా వేళ్ళు ఎక్కడున్నాయో.

సరిగ్గా అక్కడే ఉన్నాయి.

నిన్నటి నుంచి ఏం పట్టుకున్నా, గ్లాసు పట్టుకున్నా, తలుపు గడియ పట్టుకున్నా, వేళ్ళ కింద అదే కొట్టుకుంటోంది. రెండు దెబ్బలు. తర్వాత ఆగిపోతోంది. మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని అలాగే నిలబడిపోతున్నాను.

పేపర్లన్నీ అయ్యాక పిన్నిని ఊరికి పంపిస్తారు. రేపు ప్రార్థన అయ్యాక ఆఖరిసారి చూడ్డానికి హాస్పిటల్‌కి వెళ్తున్నాం.

వెళ్ళిరా పిన్నీ. ఆగి ఆగి పరిగెత్తిన నీ గుండెకి ప్రభువు దగ్గర నెమ్మది దొరకాలి.

రేపు శుక్రవారం. వాచ్ పెట్టుకునే వస్తున్నాను.