సుగుణమ్మ టీచరు నేర్పిన అడ్డు

మొన్న మనవరాలి కోసం బడి గేటు దగ్గర ఎదురుచూస్తుంటే, లోపల సిమెంటు నేల మీద బంతి దబదబా కొడుతున్న మోత వినిపించింది. ఈ వయసులోనూ నా కాళ్ళు వాటంతటవే ఎడంగా జరిగి నేలకు గట్టిగా ఆనుకున్నాయి. ఆ నిలబడడం నేర్పింది సుగుణమ్మ టీచరు.

దేశానికి స్వతంత్రం వస్తుందని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. సత్యవేడు దగ్గరి పల్లె నుంచి వచ్చి చిత్తూరులో ఆడపిల్లల బడి హాస్టలులో ఉండేదాన్ని. సుగుణమ్మ మా డ్రిల్లు టీచరు. మద్రాసులో శిక్షణ పొంది వచ్చింది. తెల్లచీర, కాన్వాసు బూట్లు, మెడలో ఈల. పొడుగ్గా, మందంగా ఉండే నాకు బాస్కెట్‌బాల్‌లో ఎవరూ బంతి ఇచ్చేవారు కాదు. ఒకనాడు టీచరు నా తోటి పిల్ల కమలకు బంతి ఇచ్చి, నన్ను మైదానం మధ్యలో నిలబెట్టింది.

“కమల బంతి తీసుకుని నీ పక్కగా పోతాది. దాన్ని తరిమే పిల్లకు నువ్వు అడ్డం. కదిలితే తప్పు. గుద్దుకుంటే గుద్దుకోనీ.”

“అంతేనా టీచర్?”

“నీ కాడ కాపలా ఉండే పిల్ల గూడా కమల ఎనకాలే పోతాది. అప్పుడు నిన్నెవరు సూస్తారు?”

“ఎవరూ సూడరు.”

“అప్పుడే తిరిగి బుట్ట కాడికి పరిగెత్తు. బంతి నీకే వస్తాది.”

వచ్చింది! ఊరికే నిలబడితే దారి ఎలా పుడుతుందో అర్థంకాక రాత్రి మంచం మీద కూడా అదే ఆలోచించాను.

ఈ సంగతి ఊరికి చేరింది. ఒక సాయంత్రం నాయన నేరుగా మైదానంలోకి వచ్చాడు. “సదువుకోమని పంపితే గంతులేపిస్తా ఉండారా? బిడ్డను తోలుకుపోతాను టీచరమ్మా,” అన్నాడు. టీచరు వాదించలేదు.

“అట్లే, అన్నా. పొయ్యే ముందర ఒక్క నిమిషం ఈడ నిలబడండి. కదలగూడదు, అంతే.”

మొహమాటపడి నిలబడ్డాడు. కమల ఆయన్ను రాసుకుంటూ దూసుకుపోయింది. వెంటపడిన ఇంకో పిల్ల రాజమ్మ నాయనకు గుద్దుకుంది. ఆయన భుజం మీది తుండు కింద పడింది. కమల బంతిని బుట్టలో వేసేసింది.

“అదేందమ్మా, నేనేమీ సెయ్యలేదే! ఆ బిడ్డ ఎట్ల తప్పించుకునింది?” తుండు తీసుకోవడం మరిచిపోయి అడిగాడు నాయన. “మళ్ళా ఒకతూరి ఆడండి.”

ఈసారి రాజమ్మా, నాయన కాడ కాపలా ఉన్న పిల్లా ఇద్దరూ కమల వెంట పడ్డారు. “ఇప్పుడు మీరు తిరిగి పరిగెత్తండన్నా!” అని అరిచింది టీచరు. నాయన పంచె ఎగగట్టి పరిగెత్తాడు. బంతి చేతికొచ్చింది. విసిరితే కంచె అవతల పడింది. పిల్లలంతా పగలబడి నవ్వారు, ఆయన కూడా.

బస్సు దాకా సాగనంపుతుంటే, “ఇద్దురూ ఒకదాని ఎనకే పోతే రెండోదాన్ని ఎవురు సూసుకోవల్ల?” అని అడిగాడు. నాకూ తెలియదన్నాను. “కనుక్కో. ఈసారి వచ్చినప్పుడు సెప్పు,” అని ఒక్కడే బస్సెక్కాడు.

అదంతా ముందే ఆలోచించుకున్నారా అని తర్వాత టీచర్ని అడిగాను. “నాకేం తెలుసే? ఏమైతాదో సూద్దామని పిలిసినా,” అంది.

తర్వాత నేనూ టీచర్నయ్యాను. ఆడపిల్లను బడి మానిపిస్తామని వచ్చిన తండ్రులతో ఎన్నడూ వాదించలేదు. “ఒక్క నిమిషం లోపలికి రండి, చూసి పోదురుగాని,” అనేదాన్ని. చూశాక కొందరు పిల్లను తీసుకునే వెళ్ళారు. చాలామంది నాయనలాగే ఏదో ఒకటి అడిగి, పిల్లను బడిలోనే వదిలి వెళ్ళారు.